పొడి కందెన పూత – దాని పాకము

గోదావరి డెల్టాలో వేసవి సమీపించుచున్నదనగా గ్రామ పంచాయతీకి మొదట జ్ఞప్తికి వచ్చునది మంచినీటి చెరువు. రబీ పంట కోతకు వచ్చిన పిమ్మట కాలువలు కట్టివేయుదురు. కట్టివేయుటకు ముందే ఊరి చెరువును నింపుకొనవలయును. జూను మాసమున కాలువకు మరల నీరు వదలువరకు ఊరి దప్పిక తీర్చవలసినది ఆ చెరువే. చెరువునకును కాలువకును నడుమ నుండునది ఒక చిన్న తూము, ఆ తూమునకొక ఇనుప షట్టరు, దానిని ఎత్తి దింపుటకొక మర కడ్డీ. సంవత్సరములో పట్టుమని పదిమారులైనను తిరుగని కడ్డీ యిది. కాని తిరుగవలసిన నాడు తిరుగక మొరాయించి, షట్టరు దిగకుండ నిలిచిపోయినచో, కాలువలో మట్టము తగ్గినకొలది చెరువులోని నీరు వచ్చిన దారినే వెనుకకు పోవును. అటుపిమ్మట ఆ ఊరు రోహిణి కార్తెలో ట్యాంకరుల వెంట బిందెలతో నిలువవలసినదే.

ఇట్టి కడ్డీలకు, బోల్టులకు, వాల్వుల మరలకు గ్రీజు పెట్టనక్కరలేని పూత యొకటి కలదనియు, ఒకమారు వేయించిన చాలుననియు చెప్పువారు నేడు గ్రామములకును వచ్చుచున్నారు. వారు చెప్పునది అబద్ధము కాదు. అట్టి పూతలు ఉన్నవి. విమానములలోను, సముద్రముమీది చమురు వేదికల బోల్టులపైనను, ఆకాశమునకు పంపు ఉపగ్రహములలోను అవి పనిచేయుచున్నవి. అయితే ఆ పూత పనిచేయుటయు చేయకపోవుటయు డబ్బాలోని సరకు పైన ఎంత ఆధారపడియున్నదో, పూసిన పిమ్మట దానిని పక్వము చేయుటపైన అంతకంటె ఎక్కువగా ఆధారపడియున్నది. బిల్లుపై సంతకము పెట్టు పంచాయతీ సభ్యులు ఈ రెండవ సంగతిని తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఈ పక్వము చేయుటనే ఇంజనీరులు క్యూరింగు అందురు. ఈ మాట మన సభ్యులకు కొత్తది కాదు. ఊరిలో సిమెంటు రోడ్డు వేసినపుడు గోనెలు పరచి, మళ్లు కట్టి, రోజుల తరబడి నీరు నిలుపుట అందరెరిగినదే. దానికిని పేరు క్యూరింగే. ఈ పేరు ఒకటే యగుటచే చిక్కు వచ్చుచున్నది. సిమెంటునకు క్యూరింగు అనగా నీరు తగులనిచ్చుట. ఈ పూతలకు క్యూరింగు అనగా చాలవరకు వేడి తగులనిచ్చుట. పక్వము కాకమునుపు నీరు తగిలెనా పూత చెడినట్లే. కావున ఈ వ్యాసములో మేము దానిని పాకము అనియే పిలిచెదము. బెల్లపు పాకమునందు లేతపాకము, ముదురుపాకము అను భేదము ఎరుగని గృహిణి మన జిల్లాలలో లేదు. ఆ భేదమే ఇక్కడను ఉన్నది.

కందెన అనగానేమి?

కందెన యనునది మనకు పాత వస్తువే. ఎడ్లబండి ఇరుసునకు గడ్డి మసిని ఆముదములో కలిపి పెట్టుచుండిరి. రెండు లోహములు ఒకదానిపై నొకటి ఒరయునపుడు వాని నడుమ నిలిచి ఒరపిడిని తగ్గించునదే కందెన. నూనెయు గ్రీజును తడి కందెనలు. వీనిలో ఒక లోపము కలదు. తడి ఉన్నచోట ధూళి అంటుకొనును. గోదావరికి ఎర్రనీరు వచ్చినపుడు ఆ నీటిలో ఒండ్రు ఎంత ఉండునో చెప్పనక్కరలేదు. గ్రీజు పూసిన కడ్డీపై ఆ ఒండ్రును ఇసుకయు చేరి గట్టిపడినచో, అది కందెనగా నుండుట మాని సానరాయి యగును. మరల అంచులను అరగదీయును.

పొడి కందెనలకు ఈ బాధ లేదు. వీనిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది గ్రాఫైటు. పెన్సిలులో నుండు నల్లని పదార్థమిదియే. తూర్పు కనుమల రాళ్లలో ఇది లభించును. రాజమహేంద్రవరమున లోహములు కరగించు గ్రాఫైటు మూసలు చేయు కార్ఖానాలు కలవు. రెండవది మాలిబ్డినము డైసల్ఫైడు. చూచుటకు ఇదియు గ్రాఫైటువలెనే నల్లగా, మెరయుచు, వ్రేలికి జారుచు నుండును. మూడవది టెఫ్లాను అను పేరున మన వంటయిండ్లలోనికి వచ్చినది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు వేరొక పరిశోధన చేయుచుండగా ఇది అనుకొనకుండ దొరకెను. దోసె అంటుకొనని పెనముపై నుండు పూత ఇదియే.

మొదటి రెండును జారుటకు కారణము వాని నిర్మాణము. తమలపాకుల కట్టను నేలపై నుంచి పైనుండి ఒత్తినచో అది బరువును మోయును. ప్రక్కకు నెట్టినచో ఆకుపై ఆకు జారిపోవును. గ్రాఫైటులోను, మాలిబ్డినము డైసల్ఫైడులోను అణువులు ఇట్లే పొరలు పొరలుగా అమరియున్నవి. ఉక్కుపై ఉక్కు పొడిగా ఒరయునపుడు నూరు కిలోల బరువును జరుపుటకు యాబది మొదలు ఎనుబది కిలోల బలము వలయును. మాలిబ్డినము డైసల్ఫైడు పూత చక్కగా నున్నచో అయిదు మొదలు పదిహేను కిలోల బలము చాలును.

ఈ రెంటికిని గుణములో ఒక వింత భేదము కలదు. గ్రాఫైటు జారుటకు గాలిలో కొంత తేమ అవసరము. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున మిక్కిలి ఎత్తున ఎగిరిన విమానములలో విద్యుత్ యంత్రముల కర్బనపు బ్రష్షులు చూచుచుండగనే పొడియై రాలిపోయెడివి. అంత ఎత్తున గాలి పలుచన, తేమ మృగ్యము. అందుచే గ్రాఫైటు జారుట మానెనని పరిశోధకులు కనుగొనిరి. మాలిబ్డినము డైసల్ఫైడు ఇందుకు విరుద్ధము. అది పొడి గాలిలోను, గాలియే లేని శూన్యములోను చక్కగా పనిచేయును. తేమలో కొంత మందగించును. మన కోనసీమ గాలిలో తేమకు కరవు లేదు గనుక గ్రాఫైటే మేలని తోచవచ్చును. కాని అందులో మరియొక మెలిక ఉన్నది. దానిని ముందు చెప్పెదము.

పొడిని పట్టియుంచునది జిగురు

ఈ పొడిని ఊరక ఉక్కుపై చల్లినచో నిలువదు. దానిని ఒక జిగురులో కలిపి, జిగురును ద్రావకములో పలుచన చేసి, ఉక్కుపై చిమ్మవలయును. ఎపాక్సీ, ఫినాలికు మొదలగు రెజినులే ఈ జిగురులు. ద్రావకము ఆరిపోయిన పిమ్మట మిగులు పొర మందము అయిదు మొదలు ఇరువదియైదు మైక్రానులు మాత్రమే. మనుష్యుని తల వెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులుండును. వెండ్రుకలో సగమైనను లేని ఈ పొరయే షట్టరు బరువంతయు మరపై పడినపుడు నడుమ నిలువవలెను. కావుననే పాకము తప్పినచో దానికి రెండవ అవకాశము లేదు.

జిగురులో పాకము జరుగునపుడు ఏమగునో చూతము. పాకము కానపుడు జిగురులోని అణువులు విడివిడి దారములవలె నుండును. వేడి తగిలినకొలది దారమునకును దారమునకును ముడులు పడి, జాలరి వలవలె అల్లుకొనును. ఆ వలలోని కన్నులలో గ్రాఫైటు రేకులు, మాలిబ్డినము డైసల్ఫైడు రేకులు చిక్కుకొని నిలుచును. ముడులు చాలకున్నచో వల వీడును. ఒకమారు పూర్తిగా ముడిపడిన పిమ్మట ఆ జిగురు కరగదు, ద్రావకములో తిరిగి కలియదు. కుమ్మరి ఆవములో కాలిన కుండ నీటికి కరగదుగదా. కాలని పచ్చికుండ కరగును. కంటికి రెండును కుండలే.

మన ఇండ్లలో ఇనుప పెనమును పదును పెట్టు పద్ధతి ఇందుకు దగ్గర చుట్టము. కొత్త పెనమునకు నూనె పలుచగా పట్టించి కాల్చుదురు. నూనె వేడికిని గాలికిని ముడిపడి నల్లని గట్టి పొరగా మారును, దోసె అంటుకొనదు. నూనె ఎక్కువ పూసి తక్కువ కాల్చినచో పెనము బంక సాగును. మరీ మండించినచో పొర పెళుసై పెచ్చులూడును. మేము ఈ వ్యాసములో చెప్పబోవునదంతయు ఆ పెనములోనే కలదు.

లేతపాకము

అనేక ఎపాక్సీ, ఫినాలికు పూతలకు సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 200 డిగ్రీల వరకు వేడి వలయును. కొన్నింటికి 150 డిగ్రీల వద్ద రెండు గంటలు గాని, 200 డిగ్రీల వద్ద ఒక గంట గాని అని తయారుచేసినవారు వ్రాయుదురు. డబ్బాతో వచ్చు కాగితములో ఉన్న లెక్కయే ప్రమాణము. ఒక పూత లెక్క మరియొక పూతకు పనికిరాదు.

ఇక్కడ జరుగు మొదటి పొరపాటు ఏమనగా, కొలిమిలోని గాలి వేడిని చూచి లోహము వేడి అనుకొనుట. మందపు పెనము పొయ్యిమీద పెట్టగానే కాగదు. అట్లే రెండంగుళముల లావు గల మర కడ్డీని 150 డిగ్రీల కొలిమిలో పెట్టగానే అది 150 డిగ్రీలు కాదు. పూత ఉక్కును అంటియున్నది గనుక ఉక్కు కాగువరకు పూతయు కాగదు. గంట లెక్క ఆరంభము కావలసినది లోహము ఆ వేడికి చేరిన నిమిషము నుండి. పట్టణములలో బీరువాలకు, కిటికీలకు పౌడరు పూత వేయు దుకాణముల కొలుములు పలుచని రేకులకు అలవాటు పడినవి. అందు పది ఇరువది నిమిషములలో పని అయిపోవును. ఆ అలవాటుననే లావుపాటి కడ్డీని కూడ బయటకు తీసినచో పై పూత లేతపాకమే. కడ్డీకి తగిలించి చూడు ఉష్ణమాపకము ఉన్నదా యని అడుగుటకు సభ్యులు మొగమాటపడకూడదు.

రెండవ పొరపాటు ఎండను నమ్ముట. రోహిణి ఎండకు రోళ్లు పగులునను సామెత మనకున్నది. అయినను మండుటెండలో పెట్టిన ఉక్కు వేడి అరువది డెబ్బది డిగ్రీలు దాటుట అరుదు. నూట యాబది డిగ్రీలు కావలసిన పూత ఆ ఎండలో నెల దినములున్నను పక్వము కాదు. ఎండలో అది ఆరును, గట్టిగా కనబడును. అంతే.

చేతికి అంటకపోవుట వేరు, పక్వమగుట వేరు. ఆత్రేయపురము ప్రాంతమున మామిడి తాండ్ర చేయువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఒక పొర బాగుగా ఎండిన పిమ్మటనే వారు రెండవ పొర పోయుదురు. ఒకేమారు మందముగా పోసినచో పైన తోలు కట్టును, లోపల పచ్చిగానే ఉండును. పూతయు అంతే. మందముగా చిమ్మి వెంటనే వేడిలో పెట్టినచో పైపొర ముందుగా బిగిసి, లోపలి ద్రావకమును బంధించును. ఆ ద్రావకము వేడికి ఆవిరియై పైపొరను చీల్చుకొని వచ్చును. సూదిమొన రంధ్రములు, బుడగలు మిగులును. ఆ రంధ్రములే తుప్పునకు తలుపులు. కావున చిమ్మిన పిమ్మట కొంతసేపు నీడలో ఆరనిచ్చి, మెల్లమెల్లగా వేడి పెంచుట పద్ధతి.

లేతపాకపు పూత తనిఖీ నాడు పట్టుబడదు. రంగు సరిగానే ఉండును. మొదటి కొన్ని తిరుగుళ్లలో కడ్డీ చక్కగానే జారును. పిమ్మట బరువు పడినపుడు మెత్తని పూత మర అంచులనుండి ప్రక్కకు నెట్టబడి ఉండలు కట్టును. నీటిని పీల్చుకొని ఉబ్బును. ఉక్కును వీడి పెచ్చుగా లేచును. ఉక్కు ఉక్కునకు తగులును, తుప్పు పట్టును, మర బిగుసుకొనును. ఇంతయు జరుగునప్పటికి బిల్లు చెల్లించి ఆరు మాసములు గడచియుండును.

ముదురుపాకము

వేడి తక్కువైనచో చెడునని విని, ఎక్కువ పెట్టిన మేలనుకొనువారును ఉన్నారు. కొలిమి అందుబాటులో లేనిచోట గ్యాసు మంటతో కడ్డీని కాల్చుట ఈ తెగలోనిదే. మంట తగిలిన చోట వేడి వందల డిగ్రీలకు పోవును; జానెడు దూరములో పాకమే పట్టదు. ఒకే కడ్డీపై ఒకచోట ముదురు, ఒకచోట లేత. ముదిరిన చోట జిగురు పెళుసై, మర అంచులవద్ద వెండ్రుకవాసి పగుళ్లు పట్టును. గాలిలో సుమారు 350, 400 డిగ్రీలు దాటినచో మాలిబ్డినము డైసల్ఫైడు ఆక్సిజనుతో కలిసి మాలిబ్డినము ఆక్సైడుగా మారసాగును. అది కందెన కాదు. అనగా పూత ఉండును, అందులో కందెన ఉండదు. టెఫ్లాను జాతి పూతలు ఇంకను వేడెక్కినచో విడిపోయి హానికరమైన వాయువులు వెలువరించును. అట్టి పని మూసిన గదిలో చేయుట ప్రాణాపాయము.

మంటతో కాల్చుటలో మరికొన్ని నష్టములు కలవు. పదును పెట్టిన ఉక్కు భాగములు, స్ప్రింగులు వేడికి పదును కోల్పోవచ్చును. షట్టరు చుట్టునుండు రబ్బరు పట్టీలు మాడిపోవును. కడ్డీని ఊడదీయకుండ ఉన్నచోటనే కాల్చెదమను గుత్తేదారునకు అనుమతి నీయకుండుట మంచిదని మా అభిప్రాయము.

గాలికే పక్వమగు పూతలు

కొలిమి అక్కరలేకుండ గాలికే పక్వమగు పూతలును కలవు. వీనిలో కొన్ని రెండు డబ్బాలలో వచ్చును. కలిపిన వెంటనే ముడులు పడుట ఆరంభమగును. తూము వద్దనే పూయవచ్చును గనుక ఇవి మన అవసరమునకు తగినవిగా కనబడును. అయితే ఇవి సామాన్యముగా వేడిలో పక్వమైన పూతలంత మన్నికగలవి కావు. చేతికి ఒక గంటలో ఆరినట్లుండినను పూర్తి పాకమునకు ఒక దినము మొదలు ఒక వారము వరకు పట్టును.

మన డెల్టాలో అసలు చిక్కంతయు ఈ వారము దినముల వద్దనే వచ్చుచున్నది. షట్టరు మరమ్మతు సాధారణముగా జ్ఞాపకము వచ్చునది చెరువు నింపుటకు రెండు దినముల ముందు. సాయంకాలము పూసి, మరునాడు ఉదయము నీరు తగులనిచ్చినచో ఆ ఖర్చు కాలువలో పోసినట్లే. మరియొకటి: తెల్లవారుజామున ఉక్కు చల్లగా నుండి, గాలిలోని తేమ దానిపై మంచువలె పట్టును. కంటికి కనబడని ఆ తడిపై పూసిన పూత ఉక్కును అంటదు. మంచు పట్టు ఉష్ణోగ్రత కంటె ఉక్కు వేడి కనీసము మూడు డిగ్రీలు ఎక్కువ ఉన్నపుడే పూయవలెనని పూతపనివారి నియమము. సామాన్య భాషలో చెప్పవలెనన్న, ప్రొద్దెక్కి కడ్డీ చేతికి పొడిగా, గోరువెచ్చగా తగిలిన పిమ్మట ఆరంభించి, సాయంకాలపు చల్లదనమునకు ముందే ముగింపవలెను.

పూయుటకు ముందు ఉక్కును సిద్ధపరచుటను గూర్చి విస్తరించి వ్రాయము. రంగు వేయించిన ప్రతివారును ఎరిగినదే. పాత తుప్పు, గ్రీజు పూర్తిగా పోవలెను. సన్నని గరుకు రవ్వను గాలితో చిమ్మి ఉక్కును గరుకు చేయుట, వీలైనచో ఫాస్ఫేటు స్నానము చేయించుట మేలు. గరుకు చేసిన ఉక్కును మన తేమగాలిలో రాత్రంతయు ఉంచరాదు; తెల్లవారునప్పటికి మరల తుప్పు నీడ పట్టియుండును.

ఉప్పునీటి శివార్లు

అంతర్వేది, నరసాపురము వైపు శివారు గ్రామములలోను, ఉప్పునీటి రొయ్యల చెరువుల నడుమనున్న ఊళ్లలోను సంగతి కొంత వేరు. పైన చెప్పిన మెలిక ఇక్కడిదే. గ్రాఫైటు కర్బనము, ఉప్పునీటిలో అది ఉక్కును తాకియున్నచో రెండును కలిసి చిన్న బ్యాటరీవలె పనిచేయును. ఆ బ్యాటరీలో తరిగిపోవునది ఉక్కే. కందెనగా మేలు చేయు గ్రాఫైటే తుప్పునకు తోడ్పడును. కావున శివారు గ్రామములవారు గ్రాఫైటు లేనిదియు, తుప్పును అడ్డగించు మందు కలిపినదియు అగు మాలిబ్డినము డైసల్ఫైడు పూతను అడుగవలయును. పూయుటకు ముందు ఉక్కును మంచినీటితో కడిగి ఉప్పును వదల్చవలయును. పూత క్రింద చిక్కిన ఉప్పు తేమను లోనికి లాగును. లేతపాకపు పూత ఈ ప్రాంతములో మరింత త్వరగా చెడుటకు కారణమును ఇదియే: ముడులు చాలని జిగురుగుండ ఉప్పునీరు సులభముగా లోనికి దిగును.

ఏది ఎక్కడ అవసరము?

పూతను గూర్చి ఇంత చెప్పితిమి గనుక ప్రతి కడ్డీకిని పూత వేయింపుమని మా సలహా అనుకొనకూడదు. సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించి, ధవళేశ్వరమున కార్ఖానా నెలకొల్పిన నాటినుండి డెల్టాలోని లాకులు, తూములు చాలవరకు గ్రీజుతోను, దానిని వేళకు పెట్టిన లస్కరుల శ్రద్ధతోను నడచినవి. 1982లో పూర్తియైన కాటన్ బ్యారేజికి నాలుగు భాగములలో 175 గేట్లు కలవు. 1986 ఆగస్టులో ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చినట్టి దినములలో అవి పైకి లేచియుండవలసినదే. అట్టి పెద్ద పనులకు ఇంజనీర్లు, సిబ్బంది వేరుగా ఉన్నారు. పంచాయతీకి అట్టి సిబ్బంది లేదు. నెలనెల గ్రీజు పెట్టు మనిషి నిజముగా ఉన్న ఊరిలో గ్రీజే చవుక, గ్రీజే మేలు. ఇండియా మార్కు రెండు చేతిపంపు గొలుసునకు గ్రాఫైటు గ్రీజు పెట్టుట ఇప్పటికిని సరియైన పద్ధతి. దానికి ఏ పూతయు అక్కరలేదు. ఇసుక ధూళి ఎక్కువగా పడుచోట, మనిషి చేయి పోని చోట, ఏడాదికొకమారు మాత్రమే విప్పవలసిన బోల్టులకు, వాల్వులకు, మంచినీటి తూము కడ్డీకి పొడి పూత ఉపయోగపడును.

పూత వేయించినచో పక్వమైనదో లేదో తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. కడ్డీతోపాటు అదే ఉక్కు ముక్కలు రెండింటిని సిద్ధపరచి, పూసి, అదే కొలిమిలో, అదే వేళకు పెట్టి తీయుమని ముందుగానే ఒప్పందములో వ్రాయించవలెను. కడ్డీపై చేయరాని పరీక్షలు ఆ ముక్కపై చేయవచ్చును. మొదట పొడిగుడ్డతో తుడువవలెను; పైపైన నున్న నల్లని పొడి కొంత ఎప్పుడును రాలును, దానిని చూచి తొందరపడరాదు. పిమ్మట తయారుచేసినవారు సూచించిన ద్రావకములో తెల్లని గుడ్డను తడిపి, ఒకేచోట పాతిక యాబదిమారులు ముందునకు వెనుకకు రుద్దవలెను. గుడ్డ నల్లబడుచునే పోయి, పూత మెత్తబడి ఉక్కు కనబడినచో అది లేతపాకము. అంటుకొను టేపును గట్టిగా అద్ది ఒక్క ఊపున లాగినపుడు పెచ్చు లేచినచో ఉక్కును సరిగా శుభ్రపరచలేదని గాని, పాకము చాలలేదని గాని అర్థము. ముక్క పలుచని రేకైనచో దానిని వంచి చూడవలెను. వంపువద్ద పూత పొడిపొడిగా రాలినచో ముదురుపాకమని అనుమానింపవచ్చును. ద్రావకముతో పనిచేయునపుడు బీడీ, చుట్ట దరిదాపులనుండరాదు.

బిల్లులో పూత వేసిన కడ్డీ ఒకటి అని మాత్రమే వ్రాసినచో తరువాత అడుగుటకు ఏమియు ఉండదు. ఏ పూత, ఎన్ని మైక్రానుల మందము, లోహము ఎన్ని డిగ్రీలకు చేరినది, ఆ వేడిలో ఎంతసేపు ఉన్నది, గాలికి పక్వమగు పూతయైనచో ఏ తేదీన పూసి ఏ తేదీన నీరు తగులనిచ్చిరి అను సంగతులు ఆ బిల్లుతోనే రావలెను. ఇవి వ్రాయుటకు వెనుకాడువాడు చేసియుండడని మేమనము. కాని వ్రాసినవానికే ముందు చెల్లించుట న్యాయము.

చక్కగా పక్వమైన పూతను కూడ దారిలో పాడుచేయవచ్చును. 1989లో అమెరికావారు బృహస్పతి గ్రహమునకు పంపిన గెలీలియో అను నౌకకు గొడుగువలె విచ్చుకొను పెద్ద ఆంటెన్నా ఉండెను. 1991లో దానిని విప్పబోగా కొన్ని ఊచలు బిగిసిపోయి గొడుగు విచ్చుకొనలేదు. ప్రయోగమునకు ముందు ఆ ఆంటెన్నాను దేశమునకు ఈ చివరినుండి ఆ చివరకు లారీలపై పలుమారులు త్రిప్పినపుడు, కుదుపులకు ఊచల మేకులపైనున్న పొడి కందెన పూత అరిగిపోయెనని విచారణలో తేలినది. కోట్ల మైళ్ల దూరములో నున్న గొడుగును విప్పుటకు మనిషి పోలేడు. మన కడ్డీని పట్టణమునుండి ట్రాక్టరులో తెచ్చునపుడు గోనెగుడ్డలు గట్టిగా చుట్టి, ఇనుముపై ఇనుము ఒరయకుండ కట్టి తెచ్చుట పెద్ద శ్రమ కాదు.

బిగించిన పిమ్మట నీరు తగులకముందే షట్టరును నాలుగైదుమారులు పూర్తిగా ఎత్తి దింపవలెను. ఆరంభమున రాలిన నల్లని పొడిని పొడిగుడ్డతో తుడిచివేయవలెను; ఈ తిరుగుళ్లతో పూత నునుపు తేలును. దానిపై అలవాటు చొప్పున గ్రీజు గాని నూనె గాని పూయరాదు. అది ధూళిని పట్టియుంచుటయే కాక, అనేక పూతలను త్వరగా అరగజేయును. ఈ సంగతిని తూము తలుపు త్రిప్పు మనిషికి నోటితో చెప్పి, కడ్డీ ప్రక్కన గోడపై రంగుతో వ్రాయించుట మంచిది. రెండవ ఉక్కు ముక్కను తేదీ వేసి పంచాయతీ కార్యాలయములో భద్రపరచవలెను. మరుసటి మార్చిలో చెరువు నింపుటకు నెల ముందు, కడ్డీపైని పూతను ఆ ముక్క ప్రక్కన పెట్టి పోల్చి చూచినచో ఏ మర అంచున పూత అరిగినదో, కడ్డీని తిరిగి పట్టణమునకు పంపి కొలిమిలో పెట్టించి తెచ్చుటకు ఇంకను ఎన్ని దినముల వ్యవధి ఉన్నదో తెలియును.